చచ్చిన కోళ్ల లెక్క దాచకండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర పల్లెటూరు. 18,000 లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల ఫారం ఉంది. లెక్కలు, పనివాళ్ల జీతాలు నేనే చూసుకుంటాను. 2025లో మా చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా ఫారానికి ఏమీ కాలేదు గానీ, అప్పటినుంచి చలికాలం వస్తే చాలు టెన్షన్. రోజుకు నాలుగైదు కోళ్లు చనిపోవడం మామూలే. ఎన్ని పోతే అనుమానించాలి? మా వారేమో ‘తొందరపడి డాక్టర్‌కి చెబితే మంచి కోళ్లను కూడా పూడ్చేస్తారు, ఊరుకో’ అంటారు. ఒడిశా నుంచి వచ్చిన నాలుగు కుటుంబాలు ఫారంలోనే ఉంటాయి, చిన్నపిల్లలు కూడా ఉన్నారు. మాస్కు పెట్టుకోమంటే నవ్వుతారు. పైగా మా బావగారు సంక్రాంతి పందేలకు పెంచే పుంజుల్ని మా షెడ్డు వెనకే కడతారు. ఆయనకి ఎదురు చెప్పలేను. ఈ జబ్బుకి టీకా ఉందని ఒకతను చెప్పాడు, నిజమేనా? మాకు రెండు గేదెలున్నాయి. అమెరికాలో ఆవులకు కూడా వచ్చిందని విన్నాను. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ముందు మీ వారి మాట సంగతి చూద్దాం. అది తేలకుండా మీకు ఎన్ని జాగ్రత్తలు చెప్పినా దండగే.

చెబితే పూడ్చేస్తారన్నది పూర్తిగా అబద్ధం కాదు. బర్డ్ ఫ్లూ అని తేలితే ఆ ఫారంలో కోళ్లతో పాటు చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడుస్తారు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మీ పక్కనే వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో జరిగింది మీరు చూసే ఉంటారు. అయితే ఫోన్ చేసినంత మాత్రాన ఎవరూ గుంత తవ్వరు. డాక్టర్ వచ్చి చూస్తారు, శాంపిళ్లు తీస్తారు, అవి భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కి వెళ్తాయి. అక్కడ తేలాకే కోళ్లను చంపడం. ఆ కబురు వచ్చేలోపు తెలిసేది చాలాసార్లు వేరే సంగతి: కొక్కెర తెగులో (కోళ్లకు వచ్చే మరో వైరస్ జబ్బు), వడదెబ్బో, మేతలో బూజు పట్టిన మొక్కజొన్నో. కొక్కెర తెగులుకీ బర్డ్ ఫ్లూకీ పైకి కనిపించే తేడా చాలా తక్కువ. ముప్పై ఏళ్లు కోళ్లు పెంచిన వాళ్లు కూడా కంటితో చూసి చెప్పలేరు. కాబట్టి మీ వారు ‘ఇది అదే అయ్యుంటుంది, చెప్పొద్దు’ అనుకోవడానికీ, ‘ఇది అది కాదులే, చెప్పక్కర్లేదు’ అనుకోవడానికీ ఆధారం లేదు.

ఆయనకు చూపించాల్సిన అసలు లెక్క ఇంకోటి ఉంది. ప్రభుత్వం పరిహారం ఇచ్చేది అధికారులు చంపించిన కోళ్లకి, వాళ్లు నాశనం చేయించిన గుడ్లకి, మేతకి. ఆ లోపు వాటంతట అవే చచ్చిపోయిన కోళ్లకి పైసా రాదు. హెచ్5ఎన్1, అంటే ఈ బర్డ్ ఫ్లూ వైరస్, ఒక కేజ్‌లో మొదలైందంటే షెడ్డంతా పాకడానికి ఎన్నో రోజులు పట్టదు. నాలుగు రోజులు ఊరుకుంటే ఆ నాలుగు రోజుల్లో పోయిన కోళ్లన్నీ సొంత ఖర్చే. పరిహారం మార్కెట్ ధరకి తూగదన్న కోపం రైతులకు ఉంది, అది న్యాయమైన కోపమే. కానీ ఆలస్యం చేస్తే ఆ తక్కువలో కూడా కోత పడుతుంది. ఇలాంటి జబ్బు అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యతని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కూడా చెబుతోంది. లెక్కలు రాసేది మీరే కదా, ఒక కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. మీ భయాన్ని కొట్టిపారేసినంత తేలిగ్గా ఆయన ఆ అంకెల్ని కొట్టిపారేయలేరు.

ఇక ఎన్ని పోతే అనుమానించాలి? మీ సైజు ఫారంలో రోజుకు నాలుగైదు మామూలే. ఒకరోజు పది పోయాయని హడావుడి పడక్కర్లేదు. వరుసగా రెండు రోజులు రెట్టింపైతే, లేదా ఒకే వరసలో పక్కపక్క కేజ్‌లలోనే పోతుంటే ఇక ఆగకండి. చావుల కంటే ముందు మేతలో తెలుస్తుంది. 18,000 లేయర్లు రోజుకి దగ్గర దగ్గర రెండు టన్నులు తింటాయి. సాయంత్రం ఫీడర్లలో చేత్తో రాస్తే మేత దళసరిగా తగులుతోందంటే, నీళ్ల ట్యాంకు ఎప్పుడూ ఖాళీ అయ్యే వేళకి సగమే దిగిందంటే, గుడ్ల ట్రేలు ఉన్నట్టుండి తగ్గి పెంకు లేని తోలు గుడ్లు కనబడుతున్నాయంటే అప్పుడే గట్టిగా కన్నేయండి. జుట్టు, తమ్మెలు నీలం తిరగడం, ముఖం వాయడం, కాళ్ల మీద ఎర్రని మచ్చలు, ఆకుపచ్చ విరేచనం, ఇవన్నీ చెప్పుకునే లక్షణాలే గానీ అన్నీ కనిపించాలని లేదు. రాత్రి బాగున్న కోడి పొద్దుటికి చచ్చి ఉండొచ్చు.

ఫోన్ మీ మండలం పశువైద్యుడికి గానీ, రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి గానీ, లేదంటే పశువైద్య సేవల నంబరు 1962కి గానీ చేయండి. చచ్చిన కోడిని కవర్లో వేసుకుని బైకు మీద ఆస్పత్రికి పట్టుకెళ్లడం మనవాళ్లకి బాగా అలవాటు. అది మానిపించండి. దారిలో టీ తాగడానికి ఆగిన చోటల్లా ఆ కవరు కూడా ఆగుతుంది. ‘లోపల ఎలా ఉందో చూద్దాం’ అని షెడ్డు దగ్గర కోయడం అంతకంటే ప్రమాదం. డాక్టర్నే రమ్మనండి. ఆయన వచ్చి, రిజల్టు తేలేదాకా గేటు మూసేయండి: గుడ్ల లారీ, పెంట ట్రాక్టరు, ముసలి కోళ్లు కొనేవాడు, ఎవరూ లోపలికి రాకూడదు, ఏదీ బయటికి పోకూడదు. గుడ్లు ఆపాలంటే మీ వారికి ప్రాణం మీదికి వస్తుంది, తెలుసు. ఆ కొద్ది రోజులూ తప్పదు. చచ్చినవాటిని కాలువలోనో చేపల చెరువులోనో వేసే ఆలోచన ఎవరికీ రానివ్వకండి. 2025లో కాలువల్లోనూ రోడ్ల పక్కనా తేలిన కోళ్లు ఎవరి ఫారంవో ఊరందరికీ తెలుసు. మీ దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి ఉత్త గుంత పనికిరాదు. మూత ఉన్న గచ్చు గుంత మెరక మీద ఇప్పుడే కట్టించుకోండి, సున్నం బస్తాలు పక్కనే ఉంచండి. ఆ చోటు డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

మీరు పనివాళ్ల గురించి రెండే వాక్యాలు రాశారు గానీ, నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. మీ ఫారంలో జబ్బు వస్తే మొదట తెలిసేది మీకూ కాదు, మీ వారికీ కాదు. తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని చచ్చిన కోళ్లు ఏరే మనిషికి. అతను పనిచేసేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి. కేజ్ తలుపు పైకి ఎత్తి, చేయి లోపల పెట్టి, కాళ్లు పట్టుకుని కోడిని లాగుతాడు. రెక్కలు ఊచలకు తగిలి దుమ్ము, ఈకల పొట్టు సరిగ్గా అతని ముఖం మీదికి లేస్తాయి. కోడి నోట్లోంచి జిగురు కారుతుంటే అది చేతికి అంటుతుంది. చేయి లుంగీకి తుడుచుకుంటాడు. వరస పూర్తయ్యాక జేబులోంచి ఖైనీ తీసి, అదే అరచేతిలో సున్నం వేసి నలిపి పెదవి కింద పెట్టుకుంటాడు. మీరు కొనిచ్చిన మాస్కు మెడలో ఉన్నా, ముఖానికి ఉన్నా, ఆ ఖైనీ దగ్గర అంతా పోతుంది.

అందుకని మాస్కు దగ్గర మొదలుపెట్టకండి. షెడ్డు గుమ్మం దగ్గర కుళాయి, సబ్బు పెట్టించండి. షెడ్డులోకి ఖైనీ, బీడీ, టిఫిన్ ఏవీ వద్దని ఒక్క నియమం పెట్టి అది మాత్రం గట్టిగా పట్టించండి. మనిషికి రెండు జతల పని బట్టలు మీ ఖర్చుతో కుట్టించండి. అవి ఫారం దాటి, వాళ్లుండే గది దాకా కూడా పోకూడదు. పని అయ్యాక అక్కడే స్నానం. మాస్కు ఎప్పుడంటే, పెంట ఎత్తేటప్పుడు, ఊడ్చేటప్పుడు, చచ్చినవి తీసేటప్పుడు. మీ మే నెల ఉక్కలో ఎనిమిది గంటలు ముఖానికి గుడ్డ కట్టుకుని ఎవరూ పనిచేయలేరు. అసాధ్యమైనది అడిగితే సాధ్యమైనది కూడా చేయరు. అనుమానం వచ్చిన రోజు మాత్రం సంగతి వేరు. ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా ఒక్క కోడినీ ముట్టనివ్వకండి. ఆ పనికి ఇద్దరినే పెట్టండి, అరగంటకోసారి బయటికి రప్పించి నీళ్లు ఇవ్వండి. విప్పేటప్పుడు ముందు గ్లవ్స్, చేతులు కడుక్కుని తర్వాత కళ్లద్దాలు, అన్నిటికంటే చివర మాస్కు. మళ్లీ చేతులు కడగాలి. చాలామంది గాలి ఆడట్లేదని ముందు మాస్కే లాగుతారు, అదీ ఆ గ్లవ్స్‌తోనే.

ఇంకో విషయం మొహమాటం లేకుండా అడుగుతాను. చావుకి దగ్గరైన కోడిని మీ దగ్గర పనివాళ్లకి ఇచ్చేస్తారా? చాలా ఫారాల్లో ఇస్తారు, దాన్ని దయ అనుకుంటారు. బాగా ఉడికిన కూరతో భయం లేదు, 70 డిగ్రీలకి వైరస్ చచ్చిపోతుంది. ప్రమాదమంతా పొయ్యి మీదికి వెళ్లేలోపే: మెడ కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడం, ఆ పక్కనే పిల్లలు కూర్చుని చూడడం. 2025 మార్చిలో నరసరావుపేట పాప, రెండేళ్ల బిడ్డ, మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పరీక్షల్లో హెచ్5ఎన్1 అని తేలింది. పచ్చి చికెన్ ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తల్లో వచ్చింది. మీ ఫారంలో పిల్లలు ఆడుకునే చోటికీ షెడ్డుకీ మధ్య తడికైనా కట్టించండి. నలతగా ఉన్న కోడి ఎవరి వంటింటికీ పోకూడదు. ఆదివారం కూరకి షాపులో కోయించిన చికెన్ మీరే ఇప్పించండి. నాలుగు కుటుంబాలకి మీకయ్యే ఖర్చు ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇక విరుగుడు లేని తప్పు ఒకటుంది. చచ్చిన కోళ్లు ఎక్కువైన రోజు సూపర్‌వైజరో మీ వారో ‘నీళ్లు సరిగా పెట్టలేదా, ఫ్యాన్లు ఆపేశావా’ అని కేకలేస్తే, మర్నాడు పన్నెండు చచ్చిపోయినా ఆరే చెబుతారు. మిగతా ఆరూ గట్టు అవతలికి పోతాయి. అలాంటి ఫారంలో జబ్బు వారం ముదిరాక బయటపడుతుంది. ప్రతి షెడ్డుకీ ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. తెలుగు రాకపోయినా ఒక కోడికి ఒక గీత గీయడం అందరికీ వచ్చు. ఎక్కువ గీతలు పడ్డ రోజు ఎవరి మీదా అరవకూడదని మీ వారి చేత వాళ్ల ముందే మాట ఇప్పించండి. జ్వరం వచ్చి పడుకుంటే ఆ రోజుల కూలి కోయబోమని కూడా చెప్పండి. కూలి పోతుందంటే దగ్గుతూనే పనిలోకి వస్తారు.

కోళ్లు పోతున్న షెడ్డులో పనిచేసిన వాళ్లకి ఆ తర్వాత పది రోజుల్లో జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, ఆయాసం, లేదా కళ్లు ఎర్రబడి నీరు కారడం కనిపిస్తే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టకండి. వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, ‘కోళ్ల ఫారంలో పని, కోళ్లు చచ్చిపోతున్నాయి’ అని మొదటి మాటగా చెప్పించండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టర్ మామూలు జ్వరమే అనుకుంటారు. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, రెండు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మనిషి నుంచి మనిషికి ఇది పాకడం చాలా అరుదు కాబట్టి రోగిని వెలివేసినట్టు చూడకండి, గదిలో విడిగా పడుకోబెడితే చాలు. ఏటా వేసే మామూలు ఫ్లూ టీకా పనివాళ్లందరికీ, మీకూ వేయించండి. అది బర్డ్ ఫ్లూని ఆపదు. ఒకే మనిషిలో రెండు ఫ్లూలు కలిసి కొత్త రకం పుట్టే అవకాశాన్ని తగ్గిస్తుంది. గర్భంతో ఉన్న ఆడవాళ్లని షెడ్డు పనికి పంపకండి. ఈ మాటలన్నీ జబ్బు లేని రోజుల్లోనే కూర్చోబెట్టి చెప్పాలి. గొడవ మొదలయ్యాక చెబితే వాళ్లు విన్నట్టే విని రాత్రి రైలెక్కేస్తారు.

వైరస్ మీ షెడ్డులోకి ఎలా వస్తుందంటే, మీ ప్రాంతంలో అందరూ కొల్లేరు వైపు చూపిస్తారు. వలస పక్షులు తెస్తాయన్నది నిజమే, చలికాలంలోనే ఎక్కువగా వస్తుందన్నదీ నిజమే. కానీ కొంగ వచ్చి మీ కేజ్‌లో కూర్చోదు. పంట కోసిన చేలల్లో తిరిగే బాతుల మందలకి పైకి ఏమీ కాకుండానే వైరస్ ఉండొచ్చు. అవి రెట్ట వేసిన గట్టు మీద నడిచొచ్చిన కాలు నేరుగా షెడ్డులోకి వస్తుంది. చల్లటి తడి పెంటలో ఈ వైరస్ నెల రోజులకు పైగా బతుకుతుంది, 37 డిగ్రీల వేడిలో వారంలోపే చస్తుంది. గేటు దగ్గర బురదతో నిండిన మందు తొట్టె కాళ్లు తడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు, బురద ఉంటే ఏ మందూ పనిచేయదు. అంతకంటే చెప్పులు మార్పించడం మేలు. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు బల్ల వేయండి. బయటి చెప్పులు ఇవతల విడిచి, బల్ల మీద కూర్చుని, కాళ్లు అవతలికి తిప్పి షెడ్డు చెప్పులు తొడుక్కోవాలి. ఒక్కో షెడ్డు చెప్పులు ఒక్కో రంగులో కొనండి, ఎవరు తప్పు చేసినా దూరం నుంచే కనబడుతుంది.

చెప్పుల తర్వాత నన్ను ఎక్కువ భయపెట్టేవి ట్రేలు. పది ఫారాలు తిరిగొచ్చిన అట్ట ట్రేని కడగలేం. అవి ఒకసారి పోతే మళ్లీ లోపలికి రాకూడదు. ప్లాస్టిక్ ట్రేలైతే సబ్బు నీళ్లతో రుద్ది, తర్వాత బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఎండబెట్టాకే వాడాలి. రుద్దకుండా ముంచితే లాభం లేదు. లారీ గేటు బయటే ఆగాలి, డ్రైవర్ దిగకూడదు. కోళ్ల ముక్కులు కోసే ముఠా, టీకాలేసే ముఠా, ఫీడ్ కంపెనీ మనిషి, వీళ్లంతా పొద్దున ఎవరి ఫారంలో ఉండి వచ్చారో అడిగి రాయండి, మీ బట్టలు, మీ చెప్పులు ఇచ్చే లోపలికి పంపండి. నీళ్ల ట్యాంకుకి మూత ఉందా? లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. కాకులు దాని అంచు మీదే కూర్చుంటాయి.

బావగారి పుంజుల సంగతి కాస్త చిక్కే. బరి దగ్గర ఎన్నో ఊళ్ల పుంజులు రక్తంతో, ఉమ్ముతో కలుస్తాయి, ఒకే మనిషి ఒకదాని తర్వాత ఒకదాన్ని చేత్తో తుడుస్తాడు. అక్కడి నుంచి తిరిగొచ్చిన పుంజుని మీ షెడ్డు వెనక కట్టడమంటే జబ్బుని పిలిచినట్టే. పందేలు చట్టవిరుద్ధమని ఆయనకి చెప్పి లాభం లేదు, ఆయనకి తెలియక కాదు. మీరు ఎదురు చెప్పక్కర్లేదు. మీ తోడికోడలి ద్వారానో, డాక్టర్ ద్వారానో ఒక్క విషయం ఆయన చెవిన పడేలా చూడండి: మీ ఫారంలో జబ్బు తేలితే కిలోమీటరు లోపల ఉన్న ఆయన పుంజులు కూడా గుంతలోకే పోతాయి, వచ్చే పరిహారం కూడా ప్రభుత్వ రేటు ప్రకారమే, పందెం పుంజు రేటు ప్రకారం కాదు. ఆ మాట విన్నాక ఆయనే వాటిని దూరంగా కట్టించుకుంటారని నా నమ్మకం. ఒకవేళ కదలకపోతే, కనీసం పుంజుల్ని చూసే కుర్రాడు మీ షెడ్డు గుమ్మం తొక్కకుండా, మీ పనివాళ్లు ఆ పుంజుల్ని ముట్టకుండా చూడండి. బరి నుంచి వచ్చినవాటిని మూడు వారాలు వేరే చోట ఉంచాలి.

టీకా గురించి ఒకతను చెప్పాడన్నారు. మన దేశంలో అనుమతి ఉన్నది హెచ్9ఎన్2 అనే తక్కువ తీవ్రత రకానికి. కోళ్లను కుప్పకూల్చే హెచ్5ఎన్1కి ఇక్కడ టీకా వేయడానికి అనుమతి లేదు. అమ్ముతానన్నవాడిని గేటు దగ్గరే పంపేయండి. కొక్కెర తెగులు టీకాలు మాత్రం వేళకు వేయిస్తూ ఉండండి.

గేదెల విషయం: 2024 మార్చిలో అమెరికాలో టెక్సస్, కాన్సస్ రాష్ట్రాల పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. అక్కడ వైరస్ ఎక్కువగా కనిపించింది పొదుగులో, పాలలో. పాలు పితికే మిషన్ల ద్వారా ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి పోయింది, పాలు చింది కళ్లలో పడ్డ పనివాళ్లకి కళ్లు ఎర్రబడ్డాయి, పచ్చి పాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. మీ రెండు గేదెల గురించి ఇప్పుడే బెంగ పడక్కర్లేదు. షెడ్డులో పని చేసిన చేత్తో పాలు పితకొద్దు, ఆ పని చేసే మనిషి వేరుగా ఉంటే మంచిది. కోడి పెంట గేదెల పాక దగ్గర కుప్ప పోయొద్దు. పాలు మనం ఎలాగూ కాచే తాగుతాం. పిల్లులుంటే మాత్రం చచ్చిన కోళ్ల గుంత దగ్గరికి పోకుండా చూడండి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇళ్లలో పెంచే పిల్లులకి ఇదే జబ్బు వచ్చింది. మీ పనివాళ్ల పిల్లలు ఎత్తుకుని తిరిగేది ఆ పిల్లుల్నే కదా, కాబట్టి గుంత మూతకి తాళం వేయించి, తాళంచెవి కోళ్లు ఏరే మనిషి దగ్గరే ఉంచండి.